అమ్మ వెలిగించే కొవ్వొత్తికి ఎన్నేళ్లు?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను ఎం.ఏ. చరిత్ర మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాది బాపట్ల జిల్లాలో ఒక పల్లె. నాన్న మా ప్రొటెస్టెంటు సంఘంలో పెద్ద. అమ్మ పుట్టింటివారు ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్). పెళ్లయినప్పటి నుంచి అమ్మ నాన్న సంఘానికే వస్తోంది. అయినా ఏటా నవంబరు 2న సమాధుల పండుగకు మాత్రం అమ్మమ్మ సమాధి దగ్గరకు వెళ్లి కొవ్వొత్తి వెలిగించి వస్తుంది. ఈసారి అన్నయ్య అడ్డుపడ్డాడు. వాడు ఫోనులో వీడియోలు చూసి, "ఇవన్నీ కాన్‌స్టంటైన్ చక్రవర్తి చొప్పించిన అన్యాచారాలు. బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో కూడా నైసియా సభలో ఓట్లు వేసి తేల్చారు. అసలు క్రైస్తవం ఆనాడే పోయింది" అంటున్నాడు. నాన్నకు కొవ్వొత్తి ఇష్టం లేదు గానీ అన్నయ్య మాట అంతకన్నా కోపం తెప్పించింది. "అపొస్తలుల నాటి నుంచి నేటి దాకా మన విశ్వాసంలో పొల్లు కూడా మారలేదు" అన్నారు. క్రిస్మస్ రోజు ఇద్దరూ మాటా మాటా పెరిగి విస్తళ్ల ముందు నుంచి లేచిపోయారు. అమ్మ అప్పటి నుంచి ఈ విషయం ఎత్తితే లోపలికి వెళ్లిపోతోంది. క్లాసులో పాఠాలు విన్నాక నాకు ఇద్దరి మాటా సరికాదనిపిస్తోంది. నిజంగా ఏది ఎప్పుడు మారింది? ఇంట్లో ఎలా చెప్పాలి? అసలు చెప్పాలా?
— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం:

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే మీ నాన్నగారూ అన్నయ్యా వెనక్కి జరిగి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయే మీ అమ్మగారు కనిపించారు. ఆవిడ కొవ్వొత్తి గురించి చరిత్రలో చెప్పవలసింది చాలా ఉంది. అక్కడికి వెళ్లే ముందు అన్నయ్య విన్న కథను సరిచేయాలి.

నైసియా అంటే ఇప్పటి టర్కీలోని ఇజ్నిక్. 325లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ పిలుపు మీద అక్కడ సుమారు మూడు వందల మంది బిషప్పులు చేరారు. ప్రయాణానికి ప్రభుత్వమే బండ్లు ఇచ్చింది. వచ్చినవారిలో కొందరు ఇరవై ఏళ్ల కిందటి హింసలో కన్ను పోయినవారనీ, చేతులు కాలినవారనీ ఐదో శతాబ్దపు చరిత్రకారులు రాశారు. ఒకనాడు తమను చిత్రహింస పెట్టిన ప్రభుత్వం పంపిన బండిలోనే ఎక్కి వచ్చారన్నమాట. వారి ముందున్న పెద్ద తగవు అలెగ్జాండ్రియా గురువు (చర్చి ఫాదర్) ఏరియస్ బోధ. కుమారుడు తండ్రితో సమానుడా, తండ్రి చేత కలిగించబడినవాడా అన్నది ప్రశ్న. సభ ఏరియస్ బోధను తోసిపుచ్చింది. ఈస్టరు ఏ రోజున చేయాలన్నది మరో తగవు. ఇవి కాక సంఘ క్రమశిక్షణ గురించి 20 నియమాలు చేశారు. బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలన్న మాట ఆ నియమాల్లో ఎక్కడా లేదు. మీ ఇంట్లో ఉన్న కొత్త నిబంధనలోని 27 పుస్తకాలు, అవే, ఎక్కువా తక్కువా కాకుండా, ఒక పట్టికగా మనకు మొదటిసారి కనిపించేది 367లో. అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ ఈస్టరు సందర్భంగా రాసిన లేఖలో అవి ఉన్నాయి. అప్పటికి కాన్‌స్టంటైన్ చనిపోయి 30 ఏళ్లు. నాలుగు సువార్తలనూ పౌలు పత్రికలనూ సంఘాలు రెండో శతాబ్దం నుంచే చదువుకుంటున్నాయి.

కాన్‌స్టంటైన్ క్రైస్తవాన్ని రాజ్యమతం చేశాడని చాలామంది అనుకునేది కూడా నిజం కాదు. 313లో ఆయనా తూర్పు భాగం పాలకుడు లిసినియస్సూ కలిసి అన్ని మతాలకూ స్వేచ్ఛ ఇచ్చారు, క్రైస్తవుల నుంచి లాక్కున్న ఆస్తులు తిరిగి ఇప్పించారు. ప్రజలందరూ ఈ విశ్వాసాన్నే పట్టుకోవాలన్న ఆజ్ఞ 380లో థియోడోసియస్ చక్రవర్తి ఇచ్చినది. కాన్‌స్టంటైన్ 337లో మరణశయ్య మీద బాప్తిస్మం తీసుకున్నాడు. ఇచ్చినది ఎవరనుకున్నావు? ఒకప్పుడు ఏరియస్ పక్షం వహించిన నికోమీడియా బిషప్పు యుసేబియస్. నైసియాలో అంతా తేలిపోయి ఉంటే ఇలా జరిగేదే కాదు.

ఇక, చక్రవర్తి రాకముందు సంఘం ఎలా ఉండేది? మీ అన్నయ్య ఊహలో అది బొమ్మలూ పదవులూ పాత్రలూ ఏమీ లేని చిన్న ప్రార్థన కూటం అయి ఉండవచ్చు. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున డ్యూరా యూరోపస్ అనే కోట ఊరు ఉండేది. 256 ప్రాంతంలో పర్షియన్ల ముట్టడికి అది పడిపోయింది. కోటగోడను బలపరచడానికి దానిని ఆనుకున్న ఇళ్లను మట్టితో పూడ్చడం వల్ల క్రైస్తవులు కూడుకునే ఇల్లు ఒకటి మనకు మిగిలింది. రెండు గదుల మధ్య గోడ తీసేసి పెద్ద హాలు చేసుకున్నారు. మరో గదిలో బాప్తిస్మపు తొట్టి, దాని వెనుక గోడ మీద గొర్రెను భుజాన మోస్తున్న కాపరి బొమ్మ. రోము బిషప్పు కొర్నేలియస్ 251లో రాసిన లేఖలో తన సంఘం లెక్కలు ఇచ్చాడు. 46 మంది గురువులు, 7 మంది డీకన్లు, 42 మంది సహాయకులు, ఇంకా చదువరులు, ద్వారపాలకులు. సంఘం పోషిస్తున్న విధవరాండ్రు, దిక్కులేనివారు 1,500కు పైగా. కాన్‌స్టంటైన్ పుట్టడానికి ముందే ఇన్ని పదవులు ఉన్నాయి.

నాకు ఎంతో ఇష్టమైన పత్రం ఇంకొకటి ఉంది. ఉత్తర ఆఫ్రికాలో సిర్టా అనే ఊరు, ఇప్పటి అల్జీరియాలో ఉంది. 303 మే 19న ఆ ఊరి అధికారి మునాటియస్ ఫెలిక్స్ ప్రభుత్వ ఆజ్ఞ మీద క్రైస్తవ గ్రంథాలు స్వాధీనం చేసుకోవడానికి క్రైస్తవులు కూడే ఇంటికి వెళ్లి సోదా చేశాడు. దొరికినదల్లా రాయించాడు. ఆ జాబితా తరువాత ఒక విచారణ రికార్డులో చేరి మనదాకా వచ్చింది. బంగారు పానపాత్రలు 2, వెండివి 6, వెండి దీపాలు 7. ఆ తరువాత బట్టలు: ఆడవారి అంగీలు 82, మగవారివి 16. ఆడవారి చెప్పులు 47 జతలు, మగవారివి 13 జతలు. ఆ అంగీల దగ్గర ఆగు. అవి పేదలకు పంచడానికి దాచినవని చరిత్రకారులు భావిస్తారు. ఆడవారివే అన్ని ఎక్కువ ఎందుకున్నాయో కొర్నేలియస్ లేఖ చదివాక మనం ఊహించగలం: ఆ ఊరి విధవరాండ్రవి. గ్రంథాలు ఎవరి ఇళ్లలో దాచారో చెప్పమంటే ఇద్దరు చిన్నస్థాయి పరిచారకులు, "మేము ద్రోహులం కాము. ఇదిగో ఉన్నాం, చంపమని ఆజ్ఞ ఇవ్వు" అన్నారు. అదే ఊళ్లో అదే రోజు మరికొందరు గ్రంథాలు తెచ్చి అప్పగించారు. బంగారు పాత్రా, పేదరాలి చెప్పులూ, ధైర్యమూ, భయమూ అన్నీ ఒకే ఇంట్లో ఉన్నాయి. మచ్చలేని తొలి సంఘం ఎక్కడుందా అని నేను చాలా ఏళ్లు వెతికాను. నాకు ఈ ఇల్లే దొరికింది. ఇది చాలనిపించింది.

కాన్‌స్టంటైన్ తరువాత మారినది ప్రధానంగా జనం. అంతవరకు సంఘంలో చేరాలంటే చిన్న విషయం కాదు. కొన్నిచోట్ల మూడేళ్ల దాకా బోధ వినాలి, పనులు మానాలి, సాక్షులు కావాలి. ఇప్పుడు చక్రవర్తి మతం కాబట్టి అందరూ వస్తున్నారు. ఇళ్లు చాలలేదు. రోమన్లు కోర్టులకూ వ్యాపారానికీ కట్టుకునే బసిలికా అనే పొడవాటి హాలు నమూనాలో చర్చీలు లేచాయి. బిషప్పు తగవులు తీర్చే న్యాయాధికారి కూడా అయ్యాడు. చేరే ముందు వడపోత సన్నగిల్లింది, చేరిన తరువాత ఏం చేయాలన్న ప్రశ్న పెద్దదైంది. నా దృష్టిలో మధ్యయుగపు క్రైస్తవంలో సగం ఆ ప్రశ్నకు వెతుక్కున్న జవాబే. ఈజిప్టు ఎడారికి ఆంతోనీ వంటివారు వెళ్లడం ముందే మొదలైనా, ఈ రద్దీ తరువాత ఆ దారి పట్టినవారు వేలల్లోకి చేరారు. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు 73 అధ్యాయాల నియమావళి రాసి ఆ జీవితానికి ఒక ఇంటి క్రమం ఏర్పరిచాడు.

నన్ను బాగా బాధపెట్టే మార్పును దాచలేను. హింస పడినవారి వారసులు రెండు మూడు తరాలకే హింసకు అండ అయ్యారు. 388లో యూఫ్రటీస్ ఒడ్డున కల్లినికం అనే ఊళ్లో క్రైస్తవ మూక ఒక యూదుల ప్రార్థనామందిరాన్ని తగలబెట్టింది. అక్కడి బిషప్పు సొంత ఖర్చుతో దాన్ని తిరిగి కట్టించాలని థియోడోసియస్ ఆజ్ఞాపించాడు. మిలాన్ బిషప్పు అంబ్రోస్ పట్టుబట్టి ఆ ఆజ్ఞ ఉపసంహరింపజేశాడు. 385 ప్రాంతంలో ట్రియర్ నగరంలో ప్రిసిలియన్ అనే బిషప్పుకు క్రైస్తవ పాలకుడే మరణశిక్ష వేయించాడు. టూర్ బిషప్పు మార్టిన్ ఆ శిక్షను ఆపాలని బతిమాలాడు. ఆగలేదు. మీ నాన్నగారు ఏమీ మారలేదని అన్నప్పుడు ఈ సంగతి అడ్డువస్తుంది. అసలు క్రైస్తవం ఆనాడే పోయిందని అన్నయ్య అన్నప్పుడు మార్టిన్ అడ్డువస్తాడు.

ఇప్పుడు కొవ్వొత్తి.

ఆ కాలపు గొప్ప క్రైస్తవ రచయిత, బిషప్పు అగస్టీను తల్లి మోనిక పేరు మీ అమ్మగారికి తప్పకుండా తెలిసి ఉంటుంది. ఆమెది ఉత్తర ఆఫ్రికా. ఆ ప్రాంతపు క్రైస్తవ స్త్రీలకు ఒక ఆచారం ఉండేది. జావ, రొట్టె, ద్రాక్షరసం బుట్టలో పెట్టుకుని సమాధుల దగ్గరకు వెళ్లి, అక్కడ రుచి చూసి, మిగిలినది పంచేవారు. ఆ సమాధులు విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారివి, మీ అమ్మగారి పుట్టింటి మాటలో వేదసాక్షులవి, మీ నాన్నగారి మాటలో హతసాక్షులవి. రోమన్ కుటుంబాలు చనిపోయిన పెద్దలకు చేసే పండుగకు ఇది చాలా దగ్గరి పోలిక. మోనిక కొడుకు వెంట మిలాన్ వచ్చాక అక్కడా అలాగే బుట్ట పట్టుకుని బయలుదేరింది. ద్వారపాలకుడు ఆపాడు. బిషప్పు అంబ్రోస్ ఈ ఆచారం వద్దన్నాడని చెప్పాడు. తాగుబోతులకు సాకు అవుతుందని ఒకటి, అన్యుల పితృపూజలా ఉందని ఇంకొకటి. మోనిక ఎదురు చెప్పలేదు. ఆ రోజు నుంచి బుట్టకు బదులు ప్రార్థన పట్టుకుని వెళ్లింది, పేదలకు ఇవ్వగలిగినది ఇచ్చింది. అగస్టీను తన ఆత్మకథలో ఈ సంగతి రాస్తూ, చెప్పినది అంబ్రోస్ కాకుండా ఇంకెవరైనా అయి ఉంటే అమ్మ అంత తేలికగా మానేది కాదేమో అని కూడా రాశాడు. కొడుకు కదా, అమ్మ మనసు తెలుసు.

ఇంతకీ ఆ అంబ్రోస్ ఏం చేశాడు? 386లో మిలాన్‌లో జెర్వాసియస్, ప్రొటాసియస్ అనే ఇద్దరు హతసాక్షుల అస్థికలు తవ్వించి తీసి, తాను కట్టించిన చర్చిలో బలిపీఠం కింద పెట్టించాడు. ఒక ఇంటి ఆడవాళ్లు బుట్ట పట్టుకుని చేసే పనిని తగ్గించి, బిషప్పు చేతుల మీదుగా సంఘమంతా చేసే పనిగా మార్చాడు. రోమన్ చట్టం చనిపోయినవారిని ఊరి బయటే పాతిపెట్టమనేది. ఆ తరువాతి రెండు మూడు వందల ఏళ్లలో అస్థికలు ఊళ్లోకి వచ్చాయి, వాటి చుట్టూ మామూలు జనం సమాధులూ వచ్చాయి. చనిపోయినవారూ బతికినవారూ ఒకే గోడ లోపల ఉండే మధ్యయుగపు ఊరు అలా పుట్టింది.

దీనికి అభ్యంతరం చెప్పినవారు అప్పుడే ఉన్నారు. గాల్ దేశపు (ఇప్పటి ఫ్రాన్సు ప్రాంతం) గురువు విజిలాంటియస్, పట్టపగలు సూర్యుడు వెలుగుతుండగా అస్థికల ముందు కొవ్వొత్తులు వెలిగించడం అన్యాచారం అని రాశాడు. అచ్చంగా మీ అన్నయ్య మాట! 406లో, బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ ఆయన మీద విరుచుకుపడుతూ జవాబు రాశాడు. చాలా కోపంగా రాసిన జవాబు, కొన్ని చోట్ల చదవడం కష్టం. కానీ అందులో ఒక మాట మెత్తగా ఉంది. ఎవరైనా అమాయకులైన స్త్రీలు హతసాక్షుల మీది గౌరవంతో దీపం పెడితే నీకు వచ్చిన నష్టం ఏమిటి అని అడిగాడు. మీ ఇంటి తగవుకు 1,600 ఏళ్లు. ఆ రోజున ఇద్దరూ సంఘంలోని గురువులే.

మరి నవంబరు 2? అది కాన్‌స్టంటైన్‌కు దాదాపు ఏడు వందల ఏళ్లు తరువాతిది. ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఓడిలో, సుమారు 1000 ప్రాంతంలో, సకల పునీతుల పండుగ మరునాడు చనిపోయిన విశ్వాసులందరి కోసం ప్రార్థించాలని తన మఠాలకు నియమం పెట్టాడు. క్లూనీ కింద ఉన్న మఠాల నుంచి అది ఐరోపా అంతటికీ పాకింది. పేరున్న పునీతులకు ముందే రోజులు ఉన్నాయి. పేరు లేని అమ్మమ్మలకు ఒక రోజు దొరికింది అప్పుడే. ఆ రోజే మిషనరీల వెంట బాపట్ల దాకా వచ్చింది.

పాత ఆచారాన్ని ఊడబెరకాలా, కడిగి వాడుకోవాలా అన్న సందేహం పెద్దవారికీ వచ్చింది. పోపు గ్రెగొరీ 601 జూన్‌లో ఇంగ్లండులోని కెంట్ రాజుకు రాస్తూ అన్యుల గుడులు కూలగొట్టమన్నాడు. నెల తిరక్కుండానే మెలిటస్ అనే మఠాధిపతి చేత ఇంకో కబురు పంపాడు. ఈ విషయం చాలా ఆలోచించాను, గుడులు కూల్చవద్దు, విగ్రహాలు తీసేసి పవిత్రజలం చల్లి వాడుకోండి, జనం పశువులను బలి ఇచ్చే అలవాటు మానలేరు కనుక, పండుగ నాడు చర్చి చుట్టూ చెట్టు కొమ్మలతో పందిళ్లు వేసుకుని, అవే పశువులను దేవుడికి కృతజ్ఞతగా వండుకు తిననివ్వండి అన్నాడు. ఎత్తు ఎక్కేవాడు మెట్టు మెట్టు ఎక్కుతాడు గానీ గెంతడు అని కారణం చెప్పాడు. నేను ఈ ఉత్తరం చదివిన ప్రతిసారీ మన పల్లెల్లో క్రిస్మస్‌కు వేసే కొబ్బరాకుల పందిరి గుర్తొస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పైకి కనిపించేవి. లోపల, మనిషి మనసులో జరిగిన పెద్ద మార్పు వేరే ఉంది. మీ అమ్మగారి చిన్నతనపు మాటలో చెప్పాలంటే పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు చెప్పుకుని క్షమాపణ పొందడం.

తొలి శతాబ్దాల్లో బాప్తిస్మం తరువాత హత్య, వ్యభిచారం, విశ్వాసత్యాగం లాంటి ఘోరపాపం చేస్తే జీవితంలో ఒక్కసారే ప్రాయశ్చిత్తం. అదీ అందరి ముందు. నాలుగో శతాబ్దం చివర రోములో ఫబియోలా అనే గొప్పింటి స్త్రీ, చెడ్డ భర్తను వదిలి ఇంకొకరిని పెళ్లాడింది. రెండో భర్త చనిపోయాక, ఈస్టరుకు ముందు, గోనెపట్ట కట్టుకుని, జుట్టు విరబోసుకుని లాటరన్ చర్చి దగ్గర ప్రాయశ్చిత్తం చేసేవారి వరుసలో నిలబడింది. బిషప్పూ గురువులూ జనమూ అందరూ ఏడ్చారని జెరోమ్ రాశాడు. ఆ తరువాత ఆమె ఆస్తి అమ్మి రోములో రోగులకు ఆసుపత్రి పెట్టింది, వీధుల్లో పడి ఉన్నవారిని తెచ్చి తన చేతులతో పుండ్లు కడిగింది. అటువంటి మనిషికి ఆ ప్రాయశ్చిత్తం సరిపోయింది. మామూలు మనిషికి? ప్రాయశ్చిత్తం పూర్తయినా సైన్యంలో చేరకూడదు, కాపురం చేయకూడదు వంటి ఆంక్షలు చావు దాకా వెంటాడేవి. అందుకని చాలామంది దానిని మరణశయ్య దాకా వాయిదా వేశారు. అంటే బతికినంత కాలం మనసులో బరువుతోనే తిరిగారు.

ఐర్లండులో రోమన్ నగరాలు లేవు, మఠాలు ఉన్నాయి. అక్కడ మఠవాసికి ఒక ఆత్మబంధువు ఉండేవాడు. ఆయనకు తప్పు చెప్పుకోవచ్చు. ఎన్నిసార్లయినా, రహస్యంగా. ఏ తప్పుకు ఎన్ని రోజులు రొట్టె, నీళ్ల మీద ఉండాలో లెక్కలు రాసిన చిన్న పుస్తకాలు ఉండేవి. 590 ప్రాంతంలో కొలంబానస్ వంటివారు ఆ పద్ధతిని గాల్ దేశానికి తెచ్చారు. జనం వరుస కట్టారు. అదే కాలంలో, 589లో, స్పెయిన్‌లోని టొలేడో సభ, పాపం చేసినప్పుడల్లా గురువు దగ్గరకు వెళ్లి క్షమాపణ అడగడం అసహ్యకరమైన సాహసం అని ఖండించింది, పాత పద్ధతే ఉండాలంది. 1215లో నాలుగో లాటరన్ సభ, వయసు వచ్చిన ప్రతి స్త్రీ, ప్రతి పురుషుడు ఏడాదికి ఒక్కసారైనా తన విచారణ గురువుకు (తన ఊరి చర్చి గురువుకు) పాపాలు చెప్పుకోవాలని నియమం చేసింది. ఆ రహస్యం బయటపెట్టిన గురువును పదవి తీసేసి జీవితాంతం మఠంలో ఉంచమంది. ఒక సభ నిషేధించినది 626 ఏళ్లకు ఇంకో సభ విధిగా చేసింది. మధ్యలో ఎవరో ఒక చక్రవర్తి కుట్ర ఏమీ లేదు. బరువు మోయలేని మామూలు మనుషులు ఉన్నారు, వారి మాట విన్న మఠవాసులు ఉన్నారు. అదే 1215 సభ యూదులూ ముస్లింలూ వేరుగా కనిపించే బట్టలు వేసుకోవాలని కూడా శాసించింది. ఒకే సభ, రెండు నియమాలు. రెండూ చెప్పు, ఒకటి దాచవద్దు.

రోము పోపు అధికారం గురించి నీ పాఠ్యపుస్తకంలో బాగానే ఉంటుంది కనుక ఎక్కువ రాయను. ఏడో శతాబ్దంలో జెరూసలేము, అంతియొకయ, అలెగ్జాండ్రియా ముస్లిం పాలనలోకి వెళ్లాక ఐదు ప్రాచీన పీఠాల్లో రోము, కాన్‌స్టాంటినోపుల్ రెండే క్రైస్తవ పాలకుల కింద మిగిలాయి, అవి కూడా దూరమవుతూ 1054లో తెగతెంపుల దాకా వచ్చాయి అని గుర్తుంచుకుంటే చాలు. గురువుల పెళ్లి సంగతి మాత్రం చూడు. నాలుగో శతాబ్దంలో గాంగ్రా సభ, పెళ్లయిన గురువు చేతి ప్రసాదం తీసుకోనన్నవారిని శపించింది. 1059లో పోపు రెండవ నికొలస్, ఇంట్లో స్త్రీని ఉంచుకున్న గురువు చేసే పూజకు వెళ్లవద్దని జనాన్ని ఆదేశించాడు. ఇంకొక మాట. ఈ కథంతా రోముదే అనుకోకు. ఈజిప్టు, సిరియా, అర్మేనియా, పర్షియా సంఘాలు 431, 451 సభల తగవుల్లో వేరుపడి తమ దారిన ఎదిగాయి. కేరళ తోమా క్రైస్తవులు శతాబ్దాల పాటు సిరియాక్ భాషలో ఆరాధించారు. వారికి క్లూనీ తెలియదు, లాటరన్ నియమమూ తెలియదు.

ఇక ఇంట్లో ఎలా చెప్పాలన్నది. పండుగ భోజనాల దగ్గర ఎత్తకు. అన్నయ్యతో విడిగా కూర్చుని నైసియా సంగతి ఒక్కటే చెప్పు, 367 లేఖ సంగతి చెప్పు. వీడియోలో విన్నది తప్పని నలుగురిలో తేలితే వాడు మొండికేస్తాడు. ఒంటరిగా అయితే వాడే వెతుక్కుని చదువుతాడు.

నాన్నగారి దగ్గర వాదన పెట్టవద్దు, ఒక ప్రశ్న పెట్టు. మీ సంఘంలో పండుగ ఆరాధనల్లో నైసీన్ విశ్వాస ప్రమాణం చదువుతూ ఉంటే, ఆ పుస్తకం ఆయన చేతికే ఇచ్చి చదవమను. పరిశుద్ధాత్మ గురించిన భాగంలో తండ్రి నుంచీ కుమారుని నుంచీ బయలుదేరుతున్నాడన్న మాట వస్తుంది. నైసియాలో 325లో రాసిన పాఠం పరిశుద్ధాత్మ పేరుతోనే ముగిసింది. ఇప్పుడు మనం చదివేది 381 కాన్‌స్టాంటినోపుల్ సభ పేరుతో వచ్చినది. "కుమారుని నుంచీ" అన్న మాట ఆ 381 పాఠంలో కూడా లేదు. పశ్చిమ దేశాల్లో మెల్లగా చేరింది, రోములో ఆరాధనలో పాడటం 1014లో మొదలైంది. తూర్పు సంఘాలు ఈనాటికీ ఆ మాట పలకవు. మీ నాన్నగారు చిన్నప్పటి నుంచి నమ్మకంగా, కళ్లు మూసుకుని పలికిన మాటల్లో ఏడు వందల ఏళ్ల ప్రయాణం ఉంది. ఇది చెప్పేటప్పుడు ఆయనను ఓడించానన్న ధ్వని నీ గొంతులో రాకూడదు. ఆయన పట్టుకున్నది అబద్ధమని నువ్వు చెప్పడం లేదు. ఆ మాటల్ని ఎంతమంది చేతులు మారుస్తూ ఆయన దాకా తెచ్చాయో చూపిస్తున్నావు. విశ్వాసంలో ఏది మారకూడనిది అన్నది వారి సంఘమూ వాక్యమూ తేల్చుకోవలసినది. అది చరిత్ర మాస్టారు చెప్పేది కాదు, ఎం.ఏ. విద్యార్థిని చెప్పేది కూడా కాదు. ఆయన ఇంకా ఒప్పుకోకపోతే వదిలేయి. తండ్రితో ఒక మాటలో తేడా ఉన్నా ఇంట్లో అందరితో కలిసి అన్నం తినవచ్చు.

కానీ వీరిద్దరికంటే ముందు మీ అమ్మగారికి చెప్పు. మోనిక బుట్ట కథ చెప్పు. ఆ తరువాతిది కూడా చెప్పు. 387లో ఆఫ్రికాకు తిరిగి వెళ్లడానికి ఓడ కోసం రోము దగ్గర ఓస్టియా రేవులో ఎదురుచూస్తూ మోనిక జబ్బుపడింది. సొంత ఊళ్లో భర్త పక్కన సమాధి కావాలని ఎన్నో ఏళ్లుగా ఏర్పాటు చేసుకున్న మనిషి, కొడుకులతో, ఈ శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, దాని గురించి బెంగపడకండి, మీరు ఎక్కడున్నా ప్రభువు బలిపీఠం దగ్గర నన్ను తలుచుకోండి, అంతే అడుగుతున్నాను అన్నది. ఆమెను అక్కడే పాతిపెట్టారు. 1945లో ఓస్టియాలో చర్చి పక్కన ఆడుకుంటున్న ఇద్దరు పిల్లలు గుంజ పాతడానికి గుంట తవ్వితే ఆమె సమాధి శిలాశాసనపు పాలరాతి ముక్క ఒకటి బయటపడింది.

ఈ సంగతులు చెప్పి, వచ్చే నవంబరు 2న అమ్మమ్మ సమాధి దగ్గరకు తోడు రమ్మంటుందేమో అడుగు. రమ్మంటే వెళ్లు. అన్నయ్యనూ పిలువు. వాడు కొవ్వొత్తి పట్టుకోనంటే పట్టుకోనక్కరలేదు, సమాధి మీది గడ్డి పీకమను.